ఆపమన్నవాడు మనవాడేనా?

పని సంస్కృతి మీద మంచి పుస్తకం ఒకటి చెప్పమని అడిగేవాళ్ళు నెల్లూరు తీరంలో ఈమధ్య ఎక్కువయ్యారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. కృష్ణపట్నం ఓడరేవు, దాని చుట్టూ లేచిన థర్మల్ కేంద్రాలు, నాయుడుపేట దగ్గర మేనకూరు ఫ్యాక్టరీలు, ఇంకాస్త దక్షిణాన శ్రీసిటీ, సముద్రం పొడవునా రొయ్యల హేచరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు. వరి మళ్ళు, చవుడు నేలలు, చేపల రేవులు ఉన్న చోట ఇవాళ మూడు షిఫ్టులు నడుస్తున్నాయి. జీతం ఇస్తున్నాం, బస్సు పెట్టాం, క్యాంటీన్ ఉంది, అయినా కుర్రాళ్ళు ఏడాది తిరక్కుండా ఎందుకు వెళ్ళిపోతున్నారు, ఉన్నవాళ్ళు మీటింగులో నోరెందుకు విప్పరు అన్న ప్రశ్న ప్రతి మేనేజరుకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అప్పుడు పుస్తకాల వైపు చూస్తాడు. ఆ అరలో అట్టలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: సంస్కృతి బాగుంటే మనుషులకి ‘ఇది నా చోటు’ అనిపిస్తుంది, అలా అనిపిస్తే కొత్త ఆలోచనలు వాటంతట అవే పుడతాయి.

ఈ మూడూ నిజంగా అలా ఒకదాని వెనక ఒకటి నడిచొస్తాయా? నాకు నమ్మకం లేదు. పరీక్షించి చూసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినించి మొదటి సౌండింగ్ రాకెట్, ఆర్‌హెచ్-125, లేచింది. 2002లో సతీశ్ ధవన్ చనిపోయాక ఆ ఏడాది సెప్టెంబరులో కేంద్రానికి ఆయన పేరు పెట్టారు గాని చుట్టుపక్కల జనానికి అది ఇప్పటికీ షారే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి వెళ్ళిపోయింది. నెల్లూరు వాళ్ళు ఆ సంగతిని ఇంకా పూర్తిగా ఒప్పుకున్నట్టు లేరు. ఈ తీరంలో ఇన్ని పుస్తకాలకెక్కిన పని స్థలం మరొకటి లేదు. కాబట్టి పుస్తకం ఏదైనా, అమెరికాలో అచ్చయినా హైదరాబాదులో అచ్చయినా, దాన్ని ఒకసారి శ్రీహరికోటకి తీసుకెళ్ళి ఒక ప్రత్యేకమైన ఉదయం పూట నిలబెట్టి చూడాలని నా పద్ధతి.

ఆ ఉదయం 1979 ఆగస్టు 10. పదిహేడు టన్నుల ఎస్‌ఎల్‌వి-3 రాకెట్, నాలుగు దశలు, ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ప్రయోగానికి కొన్ని నిమిషాల ముందు కంప్యూటరు కౌంట్‌డౌన్‌ని ఆపేసింది. నిపుణులు లెక్కలు చూసి, ఫరవాలేదు, వెళ్ళొచ్చు అన్నారు. కలాం కంప్యూటరుని పక్కనపెట్టి ప్రయోగించారు. ఈ సంగతి ఆయనే తర్వాతి రోజుల్లో ఎన్నో సభల్లో చెప్పారు. 7 గంటల 58 నిమిషాలకి లేచిన రాకెట్, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయినందువల్ల అదుపు తప్పి, తీరానికి కొన్ని వందల కిలోమీటర్ల అవతల సముద్రంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తనదన్నవాడు ఇస్రో అధ్యక్షుడు ధవన్. 1980 జూలై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేకరులతో నువ్వు మాట్లాడు అని కలాంని పంపినవాడూ ఆయనే.

ఈ కథని మనవాళ్ళు నాయకత్వ పాఠంగా వెయ్యిసార్లు చెప్పుకున్నారు. తప్పు లేదు, గొప్ప కథే. కానీ ఇందులో రెండు ఘట్టాలున్నాయి. ఓడిపోయాక పెద్దవాడు ఎలా ప్రవర్తించాడన్నది ఒకటి. ఓడకముందు, యంత్రం ఆగమన్నప్పుడు, ఆ గదిలో ఎవరు ఏమన్నారన్నది రెండోది. మనకి మొదటిది కంఠస్థం. రెండోది పట్టించుకునే పుస్తకాలు అరలో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. నా ఎంపికకి గీటురాయి అదే.

మొదట మన దగ్గర అందరి ఇళ్ళల్లో ఉన్న పుస్తకం. కలాం, అరుణ్ తివారీ కలిసి రాసిన ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో వచ్చింది. దీనికి వాడ్రేవు చినవీరభద్రుడి తెలుగు అనువాదం ‘ఒక విజేత ఆత్మకథ’ కాలేజీ పిల్లల సంచుల్లో తిరిగింది. స్ఫూర్తి కోసం చదివేవాళ్ళు దీన్ని ఎలాగూ చదువుతారు. పని సంస్కృతి కోసం చదవాలంటే రెండు చోట్ల ఆగాలి. ఒకటి, వైఫల్యం నాటి మధ్యాహ్నం. అలిసిపోయి నిద్రపోయిన కలాం గదికి విక్రమ్ సారాభాయ్ కేంద్రం డైరెక్టరు బ్రహ్మప్రకాశ్ వస్తారు. భోజనానికి తీసుకెళ్తారు. ఆ భోజనం పూర్తయ్యేదాకా రాకెట్ మాట ఎత్తరు. ఓడినవాడికి నువ్వింకా మాలోవాడివే అని చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఏ శిక్షణ తరగతిలోనూ నేను వినలేదు.

రెండోది అంత హాయిగా ఉండదు. ప్రయోగానికి ముందు రెండో దశ నియంత్రణ వ్యవస్థని నేల మీద పరీక్షిస్తుండగా ఆమ్లం ట్యాంకు పగిలి పనిచేస్తున్నవాళ్ళ మీద పడింది. ఒళ్ళు కాలినవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అంత నొప్పిలోనూ ఒక సహోద్యోగి, ఇలా జరిగినందుకు క్షమించండి, పని వెనకబడకుండా చూసుకుంటాం అన్నాడట. ఈ సంగతిని పుస్తకం అంకితభావానికి నిదర్శనంగా చెబుతుంది. చదివినప్పుడు కళ్ళు చెమ్మగిల్లుతాయి కూడా. కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. అదే దశ, అదే నియంత్రణ వ్యవస్థ, అదే ఆమ్లం ప్రయోగం రోజున మళ్ళీ దెబ్బతీసింది. పరీక్షనాడు జరిగింది ఒక హెచ్చరిక. దెబ్బతిన్న మనిషి మాత్రం ఆలస్యమైనందుకు నొచ్చుకున్నాడు. ఈ రెండు సంఘటనల సాంకేతిక కారణాలు వేరు కావచ్చు, నేను కలిపి తీర్పు చెప్పడంలేదు. ఆ మనిషికి ‘నా చోటు’ అన్న భావన లోటేమీ లేదు, నిండా ఉంది. ఆ భావనే అతని నోట ‘ఆపండి’ బదులు ‘క్షమించండి’ అనిపించింది. మనవాడు అనిపించుకోవడానికీ ఆపమనడానికీ మధ్య ఉన్న ఈ తగవుని మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో చాలా భాగం గుర్తించనే గుర్తించవు.

గుర్తించినవాళ్ళలో ఎమీ ఎడ్మండ్‌సన్ ముఖ్యురాలు. హార్వర్డ్ బిజినెస్ స్కూలు ప్రొఫెసరు. తొంభైల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కపెడుతుంటే ఆవిడకి ఒక వింత కనిపించింది: బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కలో ఎక్కువ తేలాయి. కారణం, అక్కడి నర్సులు ఎక్కువ తప్పులు చెయ్యడం కాదు, చేసిన తప్పుని దాచుకోకుండా చెప్పడం. ఆ ఆశ్చర్యం నించి 1999లో వచ్చిన పరిశోధన, దాని నించి 2018లో ‘ది ఫియర్‌లెస్ ఆర్గనైజేషన్’ పుస్తకం. భయం లేకుండా మాట్లాడగలగడం అంటే ఒకరినొకరు మెచ్చుకుంటూ మెత్తగా ఉండటం కాదనీ, ప్రమాణాలు తగ్గించడం అసలే కాదనీ ఆవిడ పదేపదే అంటుంది. ఆ హెచ్చరిక మనకి చాలా అవసరం. మన ఆఫీసుల్లో ‘మంచి వాతావరణం’ అంటే ఎవరూ ఎవరినీ నొప్పించకపోవడం అనే అర్థమే ఎక్కువ.

అయితే ఆవిడ వైద్యం ఎక్కువగా నాయకుడి చేతిలో ఉంటుంది. నాయకుడు అడగాలి, వినాలి, కోప్పడకూడదు. మంచిదే. కృష్ణపట్నంలో ఒక షిఫ్టు ఇంజినీరు ఈ పుస్తకం చదివి రేపటినించి అలాగే నడుచుకున్నాడనుకుందాం. అతని కింద పనిచేసే పదిమందిలో ఏడుగురు కాంట్రాక్టరు మనుషులైతే? వాళ్ళ గేటు పాసు కాంట్రాక్టరు దయ మీద ఉంటుంది, ఇంజినీరు చిరునవ్వు మీద కాదు. ఇలాంటి చోట ధైర్యంగా మాట్లాడండి అని బోర్డు పెట్టడం ఖర్చు లేని పని. మాట్లాడినవాడికి మర్నాడు కూడా పాసు వస్తుందని హామీ ఇవ్వడం ఖర్చుతో కూడిన పని. ఎడ్మండ్‌సన్ పుస్తకం కొనండి, కానీ ఈ రెండో ఖర్చు మీరే రాసుకోవాలి.

ఈ మొత్తం అరలో నన్ను అడిగితే మొదటి స్థానం డయాన్ వాన్‌ది. ఆవిడ సామాజిక శాస్త్రవేత్త, మేనేజ్‌మెంట్ గురువు కాదు. 1996లో వచ్చిన ‘ది ఛాలెంజర్ లాంచ్ డెసిషన్’ లావుపాటి పుస్తకం, మొదటి వంద పేజీలు ఓపిక పరీక్షిస్తాయి. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక లేచిన కొద్దిసేపటికే పేలి ఏడుగురు చనిపోయారు. ముందు రోజు సాయంత్రం, రాకెట్ మోటార్లు తయారుచేసిన మోర్టన్ థియోకోల్ కంపెనీ ఇంజినీర్లు ఫోనులో వాదించారు: ఇంత చలిలో రబ్బరు వలయాలు సరిగ్గా మూసుకోవు, ప్రయోగం వద్దు అని. ఆ తర్వాత కంపెనీ పెద్దలు విడిగా మాట్లాడుకుని సరే అన్నారు. లోకమంతా దీన్ని దుర్మార్గపు మేనేజర్ల కథగా చదివింది. వాన్ ఏళ్ళ తరబడి కాగితాలు తిరగేసి వేరే సంగతి తేల్చింది. అక్కడ ఎవరూ నియమాలు ఉల్లంఘించలేదు. వలయాలు మొదటిసారి కాస్త కాలినప్పుడు పరీక్షించారు, ఫరవాలేదన్నారు. రెండోసారి ఇంకాస్త కాలాయి, పోయినసారి ఫరవాలేదు కదా అనుకున్నారు. అలా ఒక్కొక్క మెట్టూ దిగుతూ, దిగుతున్నామని తెలియకుండానే అడుక్కి చేరారు. తప్పు అనేది రోజూ కనిపించి కనిపించి మామూలైపోయింది. పైగా ఇంజినీర్లని తమ అనుమానాన్ని అంకెల్లో చూపించమని అడగడం అలవాటైన సంస్కృతి. అంకెలు లేని భయం అక్కడ వాదన కింద లెక్కకి రాలేదు.

ఇది చదివాక మంచి మనసున్న నాయకుడు ఉంటే చాలన్న నమ్మకం మిగలదు. అందుకే దీన్ని ఎక్కువమంది మేనేజర్లు ఇష్టపడరని నా అనుమానం. వాన్ మన చేతికి చిట్కాలు ఇవ్వదు. మన ప్లాంటులో ఏ అలారం మోగితే అందరూ ‘అది అలాగే మోగుతుంటుందిలే’ అంటున్నారో వెళ్ళి చూడమంటుంది. నెల్లూరు తీరంలో బాయిలరున్న, అమ్మోనియా కోల్డ్ స్టోరేజి ఉన్న ప్రతి సంస్థకీ ఈ ఒక్క ప్రశ్న మిగతా పుస్తకాలన్నిటి పెట్టు.

వాన్ చెప్పిన జారుడుకి ఎదురు ఉదాహరణ మళ్ళీ షార్‌లోనే దొరుకుతుంది. 2010లో జీఎస్‌ఎల్‌వి రాకెట్ రెండుసార్లు విఫలమైంది, ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను మీద దేశం పరువంతా వేలాడుతోంది. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వి-డి5 వేదిక మీద నిలబడి ఉంది. ప్రయోగానికి గంటా పద్నాలుగు నిమిషాలుందనగా రెండో దశలో ఇంధనం కారుతోందని గమనించారు. ఆపేశారు. రాకెట్‌ని వెనక్కి తీసుకెళ్ళి, ఆ దశని వేరే మిశ్రమలోహపు ట్యాంకుతో కొత్తగా కట్టి, 2014 జనవరి 5న ప్రయోగించి గెలిచారు. 1979లో కంప్యూటరు ఆపితే మనిషి కాదన్నాడు. 2013లో ఆపడం ఎవరి సాహసమూ కాలేదు, నియమమైంది. ఈ రెంటి మధ్య ముప్ఫై నాలుగేళ్ళలో ఏం జరిగింది? సమీక్షా సంఘాలు, ప్రయోగ అనుమతి బోర్డు, వైఫల్య విచారణలు ఎలా పెరిగాయి? 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్‌వి సాఫ్ట్‌వేర్ లోపంతో సముద్రంలో పడితే, ఏడాది చిల్లరలో, 1994 అక్టోబరు 15న, రెండోది ఎలా గెలిచింది? నిజానికి మనకి కావలసిన పని సంస్కృతి పుస్తకం ఇది.

అది ఒకే పుస్తకంగా లేదు, ముక్కలుగా ఉంది. ఆర్. అరవముదన్, గీతా అరవముదన్ కలిసి రాసిన ‘ఇస్రో: ఎ పర్సనల్ హిస్టరీ’ (2017) ఆ ముక్కల్లో నాకు ఇష్టమైంది. ఆయన తుంబా రాకెట్ కేంద్రానికి మొదట వెళ్ళిన కొద్దిమందిలో ఒకడు, 1989లో షార్ డైరెక్టరుగా వచ్చారు, మొదటి పీఎస్‌ఎల్‌వి పడినప్పుడు ఇక్కడే ఉన్నారు. భార్య పాత్రికేయురాలు కావడం పుస్తకానికి మేలు చేసింది, గొప్పలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎన్. గోపాల్ రాజ్ రాసిన ‘రీచ్ ఫర్ ది స్టార్స్’ (2000) బయటి విలేకరి చూపు, వైఫల్యాల కారణాలు ఓపికగా వివరిస్తుంది. ‘ఫ్రమ్ ఫిషింగ్ హామ్లెట్ టు రెడ్ ప్లానెట్’ (2015) లోపలివాళ్ళే రాసిన వ్యాసాల సంపుటం. సంస్థ తన గురించి తాను ఏమనుకుంటుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది, ఒక్క బిగిన చదవడానికి కాదు. మిన్నీ వైద్ 2019లో మంగళయాన్ మహిళా శాస్త్రవేత్తలతో మాట్లాడి రాసిన పుస్తకం కుతూహలంగా సాగుతుంది గాని, ఇంటి పనీ ఆఫీసు పనీ రెండూ నెట్టుకొచ్చారని ఆశ్చర్యపోయినంతగా, రెండూ ఎందుకు నెట్టుకురావాల్సి వచ్చిందని అడగదనిపించింది.

‘నా చోటు’ అన్న భావనకి అడుగున ఎంత గుంట ఉందో చూడాలంటే ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ ‘రెడీ టు ఫైర్’ (2018) చదవాలి. 1994 నవంబరు 30న గూఢచర్యం ఆరోపణ మీద అరెస్టు. సీబీఐ దర్యాప్తులో ఆ ఆరోపణ నిలవలేదు. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు అరెస్టు అనవసరమైందని చెప్పి 50 లక్షల పరిహారం ఇప్పించింది. అంతా ఒక కుటుంబం అని చెప్పుకునే ఏ సంస్థలో అయినా, కష్టం వచ్చినప్పుడు కుటుంబం ఎక్కడ నిలబడుతుందన్న ప్రశ్న ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ వెంటాడుతుంది.

ఇక బయటికి రాని పుస్తకం ఒకటి. ఇస్రో అధ్యక్షుడిగా ఉండగా ఎస్. సోమనాథ్ మలయాళంలో ఆత్మకథ రాశారు. తన ముందరి అధ్యక్షుడి గురించీ చంద్రయాన్-2 గురించీ అందులో రాసిన మాటల మీద వివాదం రేగింది. 2023 నవంబరులో విడుదల ఆపేశారు. అదే ఏడాది చంద్రయాన్-3 గురించి, విఫలం కాగల చోట్లన్నీ ముందే ఊహించి రూపకల్పన చేశామని చెప్పిన మనిషి ఆయనే. యంత్రం ఎక్కడ విఫలమవుతుందో ధైర్యంగా రాసుకోగలిగిన సంస్కృతికి, మనుషులు ఎక్కడ విఫలమయ్యారో అచ్చులో పెట్టడం ఇంకా కష్టంగానే ఉంది. ఎవరిది ఒప్పన్నది నేను తేల్చగలిగిందేమీ కాదు. ఆత్మకథల అరలో నిలబడ్డప్పుడు, చేతికందని పుస్తకాలు కూడా కొన్నుంటాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

విమానాశ్రయాల్లో అమ్ముడుపోయే బాపతు గురించి ఎక్కువ చెప్పను. డేనియల్ కోయిల్ ‘ది కల్చర్ కోడ్’ (2018) హాయిగా చదివిస్తుంది, ప్రతి అధ్యాయానికీ ఒక కథ, ప్రతి కథా సరిగ్గా రచయిత అనుకున్న చోటే ముగుస్తుంది. అదే నాకు అనుమానం. రీడ్ హేస్టింగ్స్, ఎరిన్ మేయర్ ‘నో రూల్స్ రూల్స్’ (2020) నిజాయితీగా కఠినమైనది: మనం కుటుంబం కాదు, ఆటగాళ్ళ జట్టు, సరిగ్గా ఆడనివాడు బయటికి. వేరే ఉద్యోగం మర్నాడు దొరికే ఊళ్ళో ఆ మాట చెల్లుతుంది. ముత్తుకూరులో ఇంటి అప్పు తీర్చుకుంటున్నవాడికి ఈ పుస్తకం ఇచ్చిన మేనేజరు నోరు తెరిపించడు, మూయిస్తాడు. ఎడ్ క్యాట్‌మల్ ‘క్రియేటివిటీ, ఇంక్.’ (2014) మాత్రం ఈ జాబితాలో వేరు. పిక్సార్‌లో తయారవుతున్న సినిమాని తోటి దర్శకులు కూర్చుని మొహమాటం లేకుండా విప్పి చూస్తారు. కానీ వాళ్ళ మాట వినాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ సినిమా దర్శకుడిదే. సలహాకి అధికారం తగిలించకపోవడం వల్లే సలహా నిజాయితీగా ఉందన్నది ఆయన గమనింపు. మన సమీక్షా సమావేశాల్లో తలకిందులుగా జరిగేది ఇదే.

నవకల్పన పుస్తకాల్లో మన గురించి రాసిందే మనకి ఎక్కువ హాని చేసిందంటాను. నవీ రాజూ, జైదీప్ ప్రభు, సిమోన్ అహూజా రాసిన ‘జుగాడ్ ఇన్నొవేషన్’ (2012) తర్వాత, మంగళయాన్ 450 కోట్లలో కుజుడి దాకా వెళ్తే దాన్నీ ఆ ఖాతాలోనే వేసేవాళ్ళు బయల్దేరారు. చవగ్గా, చేతికందినదానితో, ఎలాగోలా. షార్ చరిత్ర చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. ఎలాగోలా వెళ్ళిపోదామన్న రోజు రాకెట్ సముద్రంలో పడింది. మంగళయాన్ చవక అయింది పాతదాన్ని జాగ్రత్తగా మళ్ళీ వాడటం వల్ల, ముందే పరీక్షించిన భాగాల వల్ల, తక్కువ జీతాల వల్ల కూడా. డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో రాసిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ ఈ పిచ్చికి విరుగుడు. లోకాన్ని నడిపించేది కొత్తగా కనిపెట్టినవి కాదు, వాడకంలో ఉండి ఎవరో ఒకరు రోజూ బాగుచేస్తున్నవి అంటాడు. రొయ్యల చెరువుల్లో ఏరియేటరు మోటారు చుట్టే మెకానిక్కు ఈ మాట చెబితే ఇందులో కొత్తేముంది అంటాడు.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి. 1994-95లో తెల్లమచ్చ రోగం ఈ తీరాన్ని ఊడ్చేసింది. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ లేచాయి. ఇక్కడ పని స్థలానికి గోడ లేదు, ఒకే కాలవ నీళ్ళు వరుసగా అందరి చెరువుల్లోకీ పోతాయి. ఒకడి చెరువులో రోగం తగిలితే వాడు పక్కవాడికి చెప్పాలా, గుట్టుగా నీళ్ళు వదిలేసి సరుకు పట్టించుకోవాలా? ఇది అచ్చంగా ఎడ్మండ్‌సన్ ప్రశ్నే, కాకపోతే అడగడానికి నాయకుడు లేడు. దీనికి మేనేజ్‌మెంట్ అరలో జవాబు దొరకదు, ఎలినార్ ఆస్ట్రమ్ ‘గవర్నింగ్ ది కామన్స్’ (1990) దగ్గరికి వెళ్ళాలి. పైవాడు గానీ కంపెనీ గానీ లేకుండా, ఉమ్మడి వనరుని వాడుకునేవాళ్ళే కట్టుబాట్లు పెట్టుకుని ఎలా నిలుపుకుంటారో ఆవిడ దేశదేశాల ఉదాహరణలతో చూపించింది, 2009లో నోబెల్ అందుకుంది. పులికాట్ సరస్సులో దక్షిణపు ఒడ్డు మత్స్యకార పల్లెల్లో ‘పాడు’ అనే ఏర్పాటు ఉంది: రొయ్య పడే చోట్లలో ఎవరి వంతు ఎప్పుడో చీట్లు వేసి పంచుకోవడం. ఆస్ట్రమ్‌ని చదివి పాడుని చూస్తే అబ్బ అనిపిస్తుంది. ఇంకాస్త చూస్తే, ఆ హక్కు సంప్రదాయంగా ఒక కులం మగవాళ్ళదే అని తెలుస్తుంది. లోపలివాళ్ళ మధ్య అంత న్యాయం సాధ్యమైంది కంచె అంత గట్టిగా ఉన్నందువల్లే.

దానితో అసలు చోటుకొచ్చాం. జెఫ్రీ కోహెన్ ‘బిలాంగింగ్’ (2022) మంచి మనస్తత్వ శాస్త్రం. మాటలో, పలకరింపులో చిన్న మార్పు, నువ్విక్కడివాడివే అనే చిన్న సూచన, మనిషి పనితీరుని ఎలా మారుస్తాయో ప్రయోగాలతో చెబుతుంది. దాన్ని శ్రీహరికోటకి తెస్తే చిక్కొచ్చి పడుతుంది. ఆ దీవి ఖాళీ దీవి కాదు. అక్కడి అడవిలో యానాదులు ఉండేవాళ్ళు. తేనె, దుంపలు, మూలికలు, సరస్సులో చేపలు. ప్రభుత్వం దీవిని తీసుకున్నాక వాళ్ళలో చాలామంది సరస్సుకి ఇవతలి ఊళ్ళకి మారారు, కొందరికి కేంద్రంలోనే పనులు దొరికాయి. తమ చోటులోకి తాము గేటు పాసుతో వెళ్ళడం. పలకరింపు ఎంత చల్లగా ఉన్నా ఆ పాసు ముందు తేలిపోతుంది.

నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా యానాదుల మధ్య పనిచేశారు, వాళ్ళని పుట్టుకతోనే నేరస్థులన్న చట్టంతో పోరాడారు, 1962లో ‘ది యానాదీస్’ అని పుస్తకం రాశారు. రాకెట్ రాకముందు ఈ నేల మనుషులు ఎలా బతికారో చెప్పే పుస్తకం. అందులో సంస్కర్త గొంతు వినిపిస్తుంది, యానాది గొంతు తక్కువ, అది ఆ కాలపు లోపం. సరస్సు దీవుల బతుకునీ, తిండినీ, ఆ యాసనీ లోపలినించి వినాలంటే స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ ఉంది. ఈ రెండింటినీ పని సంస్కృతి పుస్తకాల జాబితాలో చేర్చడం చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. తీరంలో కొత్తగా ప్లాంటు పెట్టేవాడికి, గేటు బయట ఉన్నవాళ్ళు ఎవరో తెలియకుండా లోపల ‘మనమంతా ఒకటి’ అని పోస్టరు అతికించే హక్కు లేదు. లోపలికొచ్చేదాకా ఎవరు వడపోతకి గురయ్యారో తెలుసుకోవాలంటే అజంతా సుబ్రమణియన్ ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ (2019) కూడా పక్కన పెట్టుకోవాలి. మద్రాసు ఐఐటీ మీద రాసింది, మన ఇంజినీర్ల ‘ప్రతిభ’ అనే నమ్మకం కింద కులం ఎలా కూర్చుందో చూపిస్తుంది. ఆవిడ వాదన అన్నిచోట్లా ఒప్పుకోను గాని, చదవకుండా కాదనడం కుదరదు.

2004 ఫిబ్రవరి 23న షార్‌లో ఘన ఇంధనపు మోటారు అంటుకుని ఆరుగురు చనిపోయారు. రాకెట్ పుస్తకాల్లో వైఫల్యం అంటే ఎక్కువగా ఆకాశంలో జరిగేదే. నేల మీద, షెడ్డులో, షిఫ్టు మధ్యలో జరిగేదానికి అధ్యాయాలు చిన్నవి. కంపెనీలో పదిమందితో కలిసి ఒక్క పుస్తకం చదివించాలనుకునేవాళ్ళకి నా సలహా ఈ కారణం వల్లే వాన్ దగ్గర ఆగుతుంది. ఆ లావు చూసి భయపడేవాళ్ళకి అడ్డదారి ఉంది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురితో కొలంబియా అంతరిక్ష నౌక కూలిపోయాక, విచారణ మండలి వాన్‌ని పిలిపించి మాట్లాడింది, నివేదిక రాయడంలో సాయం తీసుకుంది. ఎనిమిదో అధ్యాయం, ఛాలెంజర్ నించి కొలంబియా దాకా అదే తప్పు ఎలా తిరిగొచ్చిందన్నది, ఆవిడ ఆలోచనల సారం. ఆ నివేదిక అందరికీ ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో లేదు. ఆ అధ్యాయం షిఫ్టు ఇంజినీరు చదివి, టీ వేళ తన మనుషులకి తెలుగులో చెప్పగలిగినంత చిన్నది. చెప్పాక మొదట మాట్లాడే అవకాశం కాంట్రాక్టరు మనుషులకి ఇవ్వాలి, వాళ్ళ కాంట్రాక్టరు అక్కడ లేనప్పుడు.